రెండో జత

"...అట్లయితె తప్పు నీ కెమెరాది గాని, నా బట్టలది ఎట్లయితది? నిప్పుల వడ్డంక ఏ బట్టయినా కాలుతది."

"కాలుతలేదన్నా, గదే చెప్తున్న. కారుతున్నది. కొవ్వొత్తి కారినట్టు కారుతున్నది. దగ్గర్నుంచి తీస్తె జనం నవ్వుతరు."

కాస్ట్యూమ్ వ్యాను వెనక ఇస్త్రీ చేస్తున్న రాధాబాయి పెట్టెను నిలబెట్టి చెవి అటు వేసింది. మొదటి గొంతు దయాకర్‌ది. ఈ సినిమాకు బట్టల బాధ్యత అతనిదే. హైదరాబాద్ కృష్ణానగర్‌లో అతని కుట్టు దుకాణంలోనే ఆమె ఇన్నేళ్లుగా పనిచేస్తోంది. రెండో గొంతు కెమెరామన్ చైతన్యది. ఇద్దరి మధ్యా నేల మీద లంబాడీ లంగా ముక్క ఒకటి నల్లగా ముడుచుకుపోయి పొగలు కక్కుతోంది. రాధాబాయి కుట్టగా మిగిలిన గుడ్డ అది. పరీక్ష కోసం వాళ్లే అంటించారు.

సినిమాలో, భూమి కోసం వచ్చిన మనుషులు ఒక తండాకు నిప్పు పెడతారు. ఒక తల్లి ట్రంకుపెట్టె పగలగొట్టి, ఆమె పెళ్లినాటి బట్టలు తీసి మంటలో విసురుతారు. తల్లి చూస్తూ నిలబడుతుంది. ఒక్క మాట కూడా ఉండదు. సినిమాకు ఆయువుపట్టు ఇదేనని దర్శకుడు అందరికీ చెప్పి పెట్టాడు. కాలబెట్టే బట్ట ఏదైనా రెండు జతలు ఉండాలన్నది కాస్ట్యూమ్స్ వాళ్ల కట్టుబాటు. ముందు సీన్లలో నటి కట్టుకునేది అసలు జత. మంటలో పడేది రెండో జత. ప్రొడక్షన్ వాళ్లు ఇచ్చిన పాలిస్టర్ గుడ్డతో, ప్లాస్టిక్ అద్దాలతో ఆ రెండో జతను రాధాబాయి కుట్టింది. పది గజాల దూరం నుంచి ఆమెకే తేడా తెలియదు. నిప్పుకు తెలిసిపోయింది.

ఆమె వ్యాను చాటు నుంచి బయటికి వచ్చింది.

"నూలు గుడ్డ, గాజద్దాలు ఇప్పియ్యిండ్రి. మళ్ల కుడత. అసలుది మాత్రం ముట్టద్దు."

"అసలు దాన్ని ఎవలు ముడ్తరు రాధా," అన్నాడు దయాకర్.

దర్శకుడు సోమేశ్వర్ టీ గ్లాసుతో అక్కడికి వచ్చి, కాలిన ముక్కను చెప్పుతో అటూ ఇటూ తిప్పి చూశాడు. కుట్టమనే అన్నాడు. గాజద్దాలు జనగామలో తన అన్న దుకాణంలో దొరుకుతాయని, మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆమే చూసి ఏరుకొని రావాలని చెప్పాడు. ఆమె తలూపి మళ్లీ ఇస్త్రీ అందుకుంది.

అసలు జత ఆమె మేనత్త గంగిది.

మహబూబాబాద్‌కు ఆవల ఒక తండాలో పుట్టింది రాధాబాయి. తల్లి ముఖం గుర్తు లేదు. మిరప తోటల్లో కూలికి పోతూ గంగే పెంచింది. సూది పట్టించింది కూడా ఆమే. తండాలో ఆడపిల్ల పెళ్లి బట్టలు ఆ పిల్లే కుట్టుకోవాలి. గంగి తన పేట్యాను, అంటే కుచ్చుల లంగాను, పెళ్లికి ముందు రెండు వానాకాలాలు కూర్చుని కుట్టుకున్నదట. అంచుకు గవ్వలు, నడుము పట్టీకి పాత పావలా బిళ్లలు, మధ్యలో చిటికెన గోరంత గాజద్దాలు. కట్టుకుంటే నడుము వంగేంత బరువు. భర్త పోయాక చేతుల గాజులతోపాటు దాన్నీ తీసి, వేపాకు వేసి పెట్టెలో పెట్టింది. తను పోయిన రోజు దాన్ని తన మీద కప్పమని అందరికీ చెప్పి ఉంచింది. ఏటా ఎండాకాలం ఒకసారి తీసి ఎండకు వేసేది. ఆ ఒక్క రోజే తండా పిల్లలు దాన్ని చూడగలిగేవారు.

రాధాబాయి పెళ్లయి భర్త తుల్సీరాంతో హైదరాబాద్ వచ్చింది. అతను పనిచేసే కట్టడాలకు ఆమె ఇసుక మోసింది. అతను మరొకామెతో వేరే ఊరి పనికి వెళ్లి తిరిగి రాలేదు. తరవాత దయాకర్ దుకాణంలో గుండీలు కుట్టే పనికి కుదిరి, మెల్లగా మిషను ఎక్కింది. సినిమాల్లో లంబాడీ పాట ఉంటే ఆ లంగాలన్నీ ఆమె చేతికే వచ్చేవి. మోకాళ్ల పైకి కుట్టమనేవారు. బొంబాయి నుంచి వచ్చిన అమ్మాయిలు అవి కట్టుకొని ఎగురుతుంటే, వెనక చాపలో కూర్చుని ఆమె ఊడిన అద్దాలు అతికించేది. "మీ తండాల గిట్లనే ఎగురుతరా అక్కా?" అని లైటు కుర్రాళ్లు ఆటపట్టించేవారు. "మా తండాల గీ పిల్లల్ని జూస్తె, సలి వెడ్తదని గొంగడి కప్పుతరు," అనేది.

అందుకే సోమేశ్వర్ సినిమా అనగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. అది సకల జనుల సమ్మె ముగిసి బస్సులు మళ్లీ తిరుగుతున్న చలికాలం. పల్లెల్లో షూటింగంటే ఉద్యమకారులు వచ్చి కెమెరా ముందు బైఠాయిస్తున్న రోజులు. ఈ సినిమాకు మాత్రం మొగుళ్లపల్లిలో డప్పులతో ఎదురొచ్చారు. సోమేశ్వర్ జనగామ పిల్లవాడు. కోమట్ల ఇంట పుట్టి, దుకాణం వదిలేసి, చౌరస్తా టెంటు కింద రిలే దీక్షల్లో కూర్చున్నవాడు. సార్ అంటే ఒప్పుకోడు, అన్న అనమంటాడు. మన కథ మన బట్టల్లో, మన మాటల్లో తీద్దామన్నాడు. తండా బట్టలు దుకాణంలో దొరికేవి వద్దు, ఇళ్లలోవే కావాలన్నాడు.

రాధాబాయి తండాకు వెళ్లి అడిగింది. ఎవరూ కిరాయి మాట ఎత్తలేదు. తెలంగాణ కోసమంటే ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి ఇచ్చారు. గంగి అందరికంటే చివర, ట్రంకుపెట్టెనే తెచ్చి ముందు పెట్టింది.

"సిన్మల కాలవెడ్తరటగదనే. నిజమేనా?" అని గంగి అడిగింది.

ఎవరో చెప్పి ఉంటారు. రాధాబాయి నవ్వి, సినిమా పనిలో రెండో జత అనేది ఎట్లా ఉంటుందో మేనత్తకు విడమరిచి చెప్పింది. చచ్చేవాడికీ రెండు చొక్కాలుంటాయని, నెత్తురు అంటేది రెండోదానికే అని, ఇది తన పని గనక తనకు తెలుసునని చెప్పింది. గంగి నమ్మింది. తండా నాయకుడు భద్రు కూడా అదంతా విని, ఆఖరి సీనులో జనగామ ఊరేగింపుకు మనుషులు కావాలంటే తండా తండానే లారీ ఎక్కిస్తానన్నాడు. రాధ మాటంటే మాటేనన్నాడు.

షూటింగు కోసం చిట్యాలకు, మొగుళ్లపల్లికి నడుమ పత్తి ఏరేసిన చేలలో ఆర్ట్ వాళ్లు తండా వేశారు. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టం చూపుకు ఆనితే కథ చెడుతుందని చైతన్య అంటే, కట్టిన గుడిసెలను విప్పి వాకిళ్లు పడమటికి తిప్పారు. గోడలకు ఎర్రమన్ను పూస్తే ఎర్ర లంగా గోడలో కలిసిపోతుందని దయాకర్ వెళ్లి ఆర్ట్ వాళ్లతో తగువు పెట్టుకొని తెల్లసుద్ద పూయించాడు. అద్దాల మెరుపు కెమెరాలోకి కొడుతోందంటే రాధాబాయి వాటికి మైనం రుద్దింది. గవ్వల గలగల మాటలను మింగుతోందని సౌండతను మొత్తుకుంటే గవ్వల వెనక దూది కుట్టింది. మేకప్ వాళ్లు నటి చెంపకు ఎంత మసి పూస్తే అంత మసి కొంగుకూ ఉండాలి. ఇవన్నీ నిన్నటి షాటుకూ ఇవాళ్టి షాటుకూ సరిపోయాయో లేదో చూసేది ప్రియ. దర్శకుడి దగ్గర అసిస్టెంటు. మహబూబాబాద్ వైపు తండా పిల్లే, చదువుకున్నది. కొంగు ఎడమకా కుడికా, పెట్టె మూత ఎంత తెరిచి ఉంది, అన్నీ ఆ పిల్ల చెబితేనే కెమెరా తిరుగుతుంది. అన్నాల దగ్గర ఇద్దరూ కూర్చుని తమ భాషలో హీరో పొట్ట గురించి మాట్లాడుకుని నవ్వేవారు. యూనిట్‌లో మరెవరికీ ఆ భాష రాదు.

మర్నాడు పొద్దున రాధాబాయి చిట్యాల నుంచి హన్మకొండ, అక్కడి నుంచి జనగామ బస్సు ఎక్కింది. ట్రంకుపెట్టెకు తాళం వేసి చెవిని ఎప్పటిలా దయాకర్‌కు ఇచ్చింది.

జనగామ బజారులో గాజులు, పూసలు, అద్దాలు టోకుగా అమ్మే దుకాణం అది. సోమేశ్వర్ వదిన సునంద గల్లాపెట్టె దగ్గర ఉంది. గాజద్దాలు గోదాములో ఉన్నాయి, మనిషి వచ్చి తీయాలంది. మనిషి వచ్చేసరికి పొద్దెక్కింది. తీశాక రాధాబాయి ఒక్కొక్కటి వేలితో తడిమి, అంచు పెళుసైనవి పక్కన పెడుతూ ఏరింది. సునంద ఆమెను లోపలికి తీసుకెళ్లి పప్పుచారు, వంకాయ కూరతో అన్నం పెట్టింది.

"తినకుంట పంపద్దన్నడు మా సోమేశు. పొద్దుగాలనే ఫోన్ జేసిండు. ఆరాంగ పంపు వదినా అన్నడు," అంది సునంద, మజ్జిగ పోస్తూ. "వస్తదంటవా మరి తెలంగాణ?"

"రాక ఏడికి వోతదమ్మా. ఇంతమంది అడిగినంక."

పెద్దింటి ఆడమనిషి తనకు పీట వేసి పెట్టిన అన్నం బస్సులో ఎంత దూరం వచ్చినా రాధాబాయికి గుర్తొస్తూనే ఉంది. ఒళ్లో అద్దాల పొట్లం పెట్టుకొని, నూలు గుడ్డకు ఏ రంగు ముందు వేయాలో, కొత్తదాన్ని పాతగా కనిపించేందుకు ఎన్ని నీళ్లలో ఉడికించాలో ఆలోచిస్తూ వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఆటో దిగింది. కాలిన వాసన దారి మీదికే వచ్చింది. చేను నడుమ గుడిసెలు బూడిదై, వాసాలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. యూనిట్ వాళ్లు గుంపులుగా టీ తాగుతున్నారు. వైర్లు చుడుతున్న లైటు కుర్రాళ్లు తలెత్తలేదు. పొద్దున్నే అక్కా అని పిలిచి మేకు అడిగి తీసుకున్నవాడు, ఆమె పక్క నుంచే పోతూ పిలవలేదు.

ఆమె వ్యాను ఎక్కింది. గుడ్డలు పెట్టే అరలో రెండో జత ఉంది. పాలిస్టరు లంగా, ప్లాస్టిక్ అద్దాలు. నిన్న తను మడిచిన మడత మడిచినట్టే ఉంది. ట్రంకుపెట్టె తాళం తీసి ఉంది. లోపల అడుగున వేపాకు ఉంది. అంతే.

ఆమె పెట్టె పక్కనే కూర్చుండిపోయింది. దొంగతనం అయితే ఒకరిని అనుకోవచ్చు. ఇది షాటు. నూలు ఎంతసేపు మండుతుందో నిప్పుల వాళ్లకు చెప్పకుండా ఈ షాటు తీయరు. గాజు చిట్లి ఎంత దూరం ఎగురుతుందో నటికి చెప్పకుండా దగ్గర నిలబెట్టరు. చైతన్యకు తెలియకుండా కెమెరా ఉండదు. గాజు చిట్లే చప్పుడు కోసం సౌండతను మైకు దగ్గరగా పట్టి ఉంటాడు. తాళం దయాకర్ తీశాడు. ముందు సీనులో ఎట్లా ఉందో అట్లాగే ఉందని ప్రియ చెప్పకుండా కెమెరా తిరగదు. ఇన్నాళ్లూ ఇంతమంది ఒక్క చేతిలా కలిసి పనిచేస్తుంటే ఆమెకు ముచ్చటగా ఉండేది. ఇవాళా అట్లాగే చేశారు. జనగామలో అన్నం పెట్టినామెకు కూడా, తెలిసో తెలియకో, ఒక పని అప్పగించారు.

ప్రియ వ్యాను మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. తమ భాషలో మాట్లాడబోయింది. రాధాబాయి తెలుగులోనే అడిగింది.

"నీకెప్పుడు తెల్సు?"

"నిన్న మాపుననే అక్కా. తల్లి ఏషమేసినామెకు రేపటి సంది డేట్స్ లెవ్వు. నువ్వు కుట్టేదాంక ఆగరని..."

"ఫోన్ జెయ్యొచ్చు గద."

ప్రియకు ఏడుపు వస్తున్నట్టుంది, రానీయలేదు. కాసేపటికి సోమేశ్వర్ వచ్చాడు. ఆ పిల్లను వెళ్లమని, తను మెట్టు మీద కూర్చున్నాడు. తప్పయిందని మొదలుపెట్టాడు. ఆ తరవాత షాటు ఎట్లా వచ్చిందో చెప్పాడు. అద్దాలు ఒక్కొక్కటే చిట్లుతుంటే, ప్రతి అద్దంలో మంట కనిపించిందట. నటి నిజంగానే వణికిందట. నలభై మంది ఉన్న చోట ఊపిరి చప్పుడు లేదట. చెబుతుంటే అతని కళ్లు తడి అయ్యాయి. అబద్ధపు తడి కాదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది.

"పెట్టెల ఉంటె ఎవలు జూస్తరక్కా దాన్ని? ఇప్పుడు లోకమంత జూస్తది," అన్నాడు. "పిల్లలు పానాలిస్తున్నరు తెలంగాణకు. మనం ఒక బట్ట ఇయ్యలేమా?"

"నీ ఇంట్లది ఇయ్యాల్సుండె."

అతను ఆ మాటను మింగి, గొంతు తగ్గించాడు.

"ఎట్లన్న కాలేటిదే గదక్కా అది. చితి మీద."

రాధాబాయి అతని వైపు చూసింది. గంగి కోరిక గురించి ఇతనికి తనే చెప్పింది. బట్ట విలువ తెలియాలని, మొదటి రోజు పెట్టె తెరిచినప్పుడు చెప్పింది. అతను అది విని ఆ రోజు పెట్టెకు దండం పెట్టాడు.

వెళ్లబోతూ, అరలోని రెండో జత మీద చెయ్యి వేసి ఇంకో మాట అన్నాడు. మసి నీళ్లలో ముంచి పాతగా చేసి ఇస్తే ముసలామెకు తేడా తెలియదని, ఆమెకు చూపు ఆనదని రాధక్కే చెప్పింది కదా అని. ఎల్లుండి తండా వాళ్లు ఊరేగింపుకు రావాలి, ఈ గొడవ అక్కడికి పోకపోతే అందరికీ మంచిదని. సినిమా ఆగితే ఎవరు నవ్వుతారో నీకు తెలుసు కదా అని.

మొదటి బస్సుకు ఆమె మహబూబాబాద్ వెళ్లింది. చేతిలో ట్రంకుపెట్టె ఉంది. దాంట్లో రెండో జతను ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. దారి పొడుగునా ఆలోచించింది. చెప్పకపోతే గంగి బతికినన్నాళ్లు సుఖంగా ఉంటుంది. దయాకర్ దుకాణంలో తన మిషను తనకుంటుంది. తండా వల్ల మన సినిమా ఆగిందన్న పేరు రాదు. చెబితే, ఇకమీదట తండాలో తన మాట వినేదెవరు?

గంగి అరుగు మీద మిరపకాయల తొడిమలు తుంచుతోంది. పెట్టె చప్పుడు విని చేతులు తుడుచుకుంది. రాధాబాయి పెట్టె మూత తెరవలేదు. మూత మీద చేతులు పెట్టి, జరిగింది జరిగినట్టు తమ భాషలో చెప్పింది. నేనే తెచ్చి ఇచ్చాను, నేనే మాట ఇచ్చాను అంది.

గంగి ఇంకో మిరపకాయ తీసుకొని తొడిమ తుంచింది. తరవాత అడిగింది.

"నువ్వు ఆడ లేవా?"

"లేను."

"యేడున్నవ్ మరి?"

"అద్దాలు కొన వోయిన."

గంగి నోరు తెరిచి నవ్వింది. పళ్లు లేని నవ్వు. నవ్వుతూనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. కొంగు కింద నవ్వు ఎక్కడ ఆగిందో రాధాబాయికి తెలియలేదు.

"నాకంటె ముందుగల్ల వోయింది," అంది చివరికి. "నా మీద ఉత్త గుడ్డ కప్పుండ్రి."

మాపటికి విషయం ఇంటింటికీ పాకింది. ఎవరూ రాధాబాయిని తిట్టలేదు. నీళ్లకు పోతే ఎవరూ పలకరించనూ లేదు. బట్టలిచ్చిన ఆడవాళ్లు తమవి ఎక్కడున్నాయని అడగడం మానేశారు. భద్రు ఆడవాళ్లనూ మగవాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడాడు. కుర్రాళ్లు వెళ్దామన్నారు. ఊరేగింపంటే తెలంగాణ ఊరేగింపే కదా, అది సినిమాదైతేనేం అన్నారు. ఆడవాళ్లు వద్దన్నారు. తేలలేదు.

తెల్లవారి లారీ వచ్చింది. ముందర గులాబీ జెండా కట్టి ఉంది. దయాకర్ దిగాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. జనగామ చౌరస్తాలో కెమెరాలు పెట్టేశారని, పోలీసుల పర్మిషన్ ఇవాళ ఒక్కరోజుకేనని, మనుషులు లేకపోతే సినిమాకు ముగింపే ఉండదని గబగబా చెప్పాడు. రాధాబాయి దగ్గరికి వచ్చి, ఆమెకు పని నేర్పిన మనిషిగా కాకుండా, ఎవరో బయటివాడిలా చేతులు జోడించాడు.

జనం వాకిళ్లలో నిలబడ్డారు. సగం మంది కొత్త బట్టల్లో ఉన్నారు. భద్రు తువ్వాలు భుజాన వేసుకొని రాధాబాయి వైపు తిరిగాడు.

"నువ్వు జెప్పినవని ఇచ్చినం. ఎక్కుడా, ఎక్కకపోవుడా, గది గూడ నువ్వే జెప్పు బిడ్డా."

రాధాబాయి అరుగు దిగి లారీ దగ్గరికి నడిచింది. అప్పటికే ఎక్కి కూర్చున్న ఇద్దరు ముగ్గురిని చూసి, వెనక తలుపు గొలుసు తీసి పట్టుకుంది.

"దయాకరన్నా, బండి వాపస్ తీస్కపో. మా తండాలకెల్లి ఎవ్వరు ఎక్కరు."